ఊరు దాటాక అంబులెన్స్: ఎవరొస్తారు, ఎవరు కడతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో హెల్త్ పాలసీలు రాయడం నా పని. పగలు వచ్చే ఫోన్లన్నీ ప్రీమియం గురించే. రాత్రి పదకొండు దాటాక వచ్చేవి వేరు. కాశీ నుంచో, చెన్నై సెంట్రల్ స్టేషన్ నుంచో, సూరత్ నుంచో ఎవరో ఒకరు గాభరాగా అడుగుతారు: "బాబూ, నాన్నకి బాగోలేదు, అంబులెన్స్ మన పాలసీలో ఉందేటి?" ఆ కంగారులో నేను చెప్పింది వాళ్లకి సగమే వినపడుతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు చదువుకుంటారని ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఊరు కాని ఊళ్లో ముందు ఏ నంబరుకి చెయ్యాలి?

ఏ రాష్ట్రమో, ఏ నంబరో తెలియకపోతే 112. దేశంలో ఎక్కడైనా అదే అత్యవసర నంబరు. ఫోన్ లాక్ తీయడం రాకపోయినా తెర మీద "ఎమర్జెన్సీ కాల్" నొక్కి చెయ్యొచ్చు.

మనకి అలవాటైన 108 తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో కూడా పనిచేస్తుంది. కానీ బీహార్‌లో, పశ్చిమ బెంగాల్‌లో ప్రభుత్వ అంబులెన్స్ నంబరు 102. కాశీ, గయ యాత్రకి వెళ్లేవాళ్లు ఇక్కడే పొరబడతారు. కాశీ ఉత్తరప్రదేశ్‌లో ఉంది, అక్కడ 108. పిండాలు పెట్టడానికి వెళ్లే గయ బీహార్‌లో ఉంది, అక్కడ 102. ఒకే యాత్ర, రెండు నంబర్లు. గుర్తుండదనుకుంటే 112 ఒక్కటే గుర్తుపెట్టుకోండి.

హిందీ రాకపోతే కుస్తీ పడొద్దు. ఫోన్ కలవగానే పక్కనున్న టీ కొట్టాయనకి ఇచ్చెయ్యండి. ఆయన ఆ వీధి పేరు, పక్కనున్న గుడి పేరు వాళ్లకి అర్థమయ్యేలా చెప్తాడు. "కాశీలో ఉన్నాం, గంగ పక్కన" అంటే అంబులెన్స్ రాదు.

వేరే రాష్ట్రం వాళ్లమని డబ్బులు అడుగుతారా? ఆధార్ చూపించాలా?

అడగరు. 108 ఎక్కినవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లయినా ఉచితమే. ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు అని రోగిని దించెయ్యరు.

108లో మనం చెప్పిన ఆసుపత్రికి తీసుకెళ్తారా?

సాధారణంగా తీసుకెళ్లరు. దగ్గర్లో, ఆ జబ్బుకి వైద్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడి డాక్టరు పెద్దాసుపత్రికి రాస్తే, ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి మార్చడానికి కూడా 108 బండి వస్తుంది. కాకపోతే అప్పుడు వేచి ఉండాల్సి రావచ్చు.

మన ఇచ్ఛాపురం వాళ్ల సంగతి తెలిసిందే. ఒడిశాలోని బరంపురం పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, శ్రీకాకుళం దానికి ఐదింతలు. "ఇటు కాదు, అటు పోనీ" అని డ్రైవరుతో గొడవపడిన వాళ్లని చూశాను. నా మాట వింటే మొదటి గంటలో వాదన పెట్టుకోవద్దు. ముందు ఏదో ఒక ఆసుపత్రి బల్ల మీదికి చేర్చండి. ఎక్కడికి మార్చాలన్నది ఊపిరి నిలబడ్డాక ఆలోచించొచ్చు.

హైవే మీద యాక్సిడెంట్ అయితే?

1033కి చెయ్యండి. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్. మన 16వ నంబరు హైవే మీద మడపాం, నాతవలస లాంటి టోల్‌గేట్లు కనిపిస్తాయి కదా, జాతీయ రహదారి మీద అంబులెన్స్, క్రేను పెట్టడం కూడా ఆ టోల్ వసూలు చేసేవాళ్ల బాధ్యతే. అంబులెన్స్‌కి విడిగా డబ్బివ్వక్కర్లేదు. ఎక్కడున్నారో చెప్పడానికి రోడ్డు పక్కన కిలోమీటరు రాయి చూడండి. అది లేకపోతే ఇప్పుడే దాటొచ్చిన వంతెన పేరు చెప్పండి.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదం జరిగితే, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. మీది ఏ ఊరని అందులో చూడరు. ఆ పథకం కింద గుర్తించిన ఆసుపత్రిలో చేరాలి, పోలీసులు ప్రమాదం జరిగిందని ధ్రువీకరించాలి.

దెబ్బలు తగిలిన వాణ్ణి ఎక్కించినందుకు మనల్ని స్టేషన్ చుట్టూ తిప్పుతారన్న భయం ఇంకా పోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. సాయం చేసినవాణ్ణి పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. గోల్డెన్ అవర్‌లో, అంటే ప్రమాదం జరిగిన మొదటి గంటలో, ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడినవాళ్లకి 25,000 రూపాయల బహుమతి కూడా ఉంది.

ప్రైవేట్ అంబులెన్స్ కిరాయి ఎలా లెక్కేస్తారు?

డ్రైవరు నోటికొచ్చిన మొత్తం చెప్పినట్టు అనిపిస్తుంది గానీ, దాని వెనకాల ఒక లెక్క ఉంటుంది. అది తెలిస్తేనే బేరమాడగలం.

మొదటిది, కిలోమీటర్లు. దాదాపు అందరూ రాను పోను లెక్కేస్తారు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం 110 కిలోమీటర్లనుకోండి. కిలోమీటరుకి 25 రూపాయలని లెక్క కోసం అనుకుందాం. మీకు 2,750 అని తోస్తుంది. వాళ్ల లెక్కలో 220 కిలోమీటర్లు, అంటే 5,500. అందుకే మొదటి ప్రశ్న "ఎంత?" అని కాదు, "రాను పోను కలిపే చెప్పారా?" అని అడగాలి.

రెండోది, బండి రకం. స్ట్రెచర్, ఆక్సిజన్ సిలిండర్ ఉన్నది మామూలు బండి. వెంటిలేటరు, మానిటరు, దాన్ని నడపడం తెలిసిన మనిషి ఉన్నది ఐసీయూ బండి. రెండోదాని కిరాయి మొదటిదానికి చాలా పైన ఉంటుంది. కాలు విరిగినవాడికి వెంటిలేటర్ బండి మాట్లాడటం డబ్బు దండగ. కానీ గొంతులో గొట్టం వేసినవాడిని మామూలు బండిలో వేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఏది కావాలో డ్రైవరుని కాదు, పంపిస్తున్న డాక్టరుని అడగండి.

మూడోది, ఆక్సిజన్, వెయిటింగ్, వెంట వచ్చే మనిషి. ఇవన్నీ కలిపి ఒకే అంకె చెప్పించుకుని, అదే అంకె వాట్సాప్‌లో పెట్టించుకోండి. దిగాక మాట మారకుండా ఉంటుంది.

ఇక మనం తలూపకూడనివి రెండున్నాయి. జాతీయ రహదారి టోల్ అంబులెన్స్‌కి లేదు, నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. కాబట్టి "టోల్ ఖర్చు విడిగా" అంటే ఎందుకని అడగండి. రోగిని అంబులెన్స్‌లో తీసుకెళ్లే సేవకి జీఎస్టీ కూడా లేదు. బిల్లులో అది కనిపిస్తే అదీ అడగండి. గొంతు పెంచక్కర్లేదు. తెలిసినవాళ్లమని తెలిస్తే చాలు.

నా హెల్త్ పాలసీలో అంబులెన్స్ అని రాసి ఉంది. ఎంతొస్తుంది?

చాలా పాలసీల్లో కొద్దిగానే. అన్ని కంపెనీలూ ఒకే రూపంలో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీనే చూడండి. ఒకసారి ఆసుపత్రిలో చేరితే రోడ్డు అంబులెన్స్‌కి 2,000 రూపాయల దాకా. పైన చెప్పిన 5,500లో మిగతాది మీ జేబులోంచే. పెద్ద పాలసీల్లో ఈ పరిమితి ఎక్కువ ఉండొచ్చు, కొన్నింట్లో అయిన ఖర్చంతా ఇస్తారు. మీ పాలసీ కాగితంలో "రోడ్ అంబులెన్స్" అన్న లైను పక్కనున్న అంకె ఒక్కటి చూడండి చాలు.

దానికి షరతులున్నాయి. అంబులెన్స్ డబ్బు ఆసుపత్రి క్లెయిమ్‌కి తోక లాంటిది. ఆసుపత్రిలో చేరినందుకు క్లెయిమ్ వస్తేనే ఇదీ వస్తుంది. తీసుకెళ్లాక డాక్టరు చూసి "గ్యాసే, ఇంటికెళ్లండి" అంటే అంబులెన్స్ డబ్బు రాదు. ప్రాణం కుదుటపడిందని సంతోషించడమే. ఇంకోటి, బండి అంబులెన్స్‌గా రిజిస్టరయినదై ఉండాలి. సుమో వెనక సీటు తీసేసి పరుపేస్తే కుదరదు.

ఊరు కాని ఊళ్లో చేరితే పాలసీ చెల్లుతుందా అని కూడా అడుగుతారు. ఇండియాలో ఎక్కడైనా చెల్లుతుంది. నెట్‌వర్క్‌లో లేని, అంటే కంపెనీతో ముందే ఒప్పందం లేని ఆసుపత్రిలో కూడా నగదు లేకుండా చేరే ఏర్పాటు 2024 జనవరి నుంచి వచ్చింది. అర్జెంటుగా చేరితే 48 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలి, ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి.

బిల్లు ఎలా ఉండాలి?

ఇది నా సొంత తలనొప్పి.

మా పెదనాన్న రెండేళ్ల కిందట కాశీ వెళ్లారు. తెల్లవారుజామున ఘాట్ మెట్ల మీద గుండెల్లో నొప్పని కూర్చుండిపోయారు. ఆ సందుల్లోకి బండి రాదు. మా అన్నయ్య, ఇంకో ఇద్దరు యాత్రికులు కలిసి గొదౌలియా కూడలి దాకా మోసుకొచ్చారు. అక్కడ ఒక ప్రైవేట్ అంబులెన్స్ దొరికింది. ఆరేడు కిలోమీటర్లకి 3,500 తీసుకున్నాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి, దేవుడి దయ వల్ల నడుచుకుంటూ ఇంటికొచ్చారు.

ఆయన పాలసీ రాసింది నేనే. క్లెయిమ్ కాగితాలు సర్దుతుంటే అంబులెన్స్ రసీదని అన్నయ్య ఒకటి చేతిలో పెట్టాడు. మందుల షాపు కవరు. దాని వెనక నీలం పెన్నుతో "ఎంబులెన్స్ 3500" అని హిందీలో గీసి ఉంది. పేరు లేదు, తేదీ లేదు, బండి నంబరు లేదు. ఆసుపత్రి డబ్బు మొత్తం వచ్చింది, రావాల్సిన ఆ 2,000 రాలేదు. ఊరందరికీ పాలసీలు రాసేవాణ్ణి, సొంత పెదనాన్నకి ఈ ముక్క చెప్పి పంపలేదు. మా పెద్దమ్మ ఇప్పటికీ పండక్కి వెళ్తే ఆ కవరు గుర్తుచేస్తుంది.

కాబట్టి రసీదులో ఉండాల్సినవి ఇవి: అంబులెన్స్ సంస్థ పేరు, బండి నంబరు, తేదీ, టైము, రోగి పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, మొత్తం, సంతకం లేదా స్టాంపు. రసీదు పుస్తకం లేదంటే బండిని నంబరు ప్లేటుతో సహా ఫోటో తీసుకోండి. డబ్బు ఫోన్‌పే లాంటి యూపీఐలో పంపండి. నోట్లిస్తే ఏ ఆనవాలూ మిగలదు.

ఎన్టీఆర్ వైద్య సేవ, ఆయుష్మాన్ కార్డులతో అంబులెన్స్ వస్తుందా?

ఈ కార్డులు చికిత్స కోసం. వైద్య సేవకి హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో కూడా కొన్ని నెట్‌వర్క్ ఆసుపత్రులున్నాయి. ఆయుష్మాన్ దేశంలో ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది. కానీ బయట మాట్లాడుకున్న ప్రైవేట్ బండి కిరాయి వీటి మీద వస్తుందని లెక్కేసుకోకండి. కంపెనీలో ఈఎస్ఐ (జీతంలోంచి కొంత కోసి ఇచ్చే వైద్య బీమా) ఉన్న వలస కుర్రాళ్లు మాత్రం ఆ కార్డు నంబరు ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా పెట్టాలి. మనవాళ్లలో చాలామంది దాన్ని జీతంలో పోయే డబ్బుగానే చూస్తారు.

రైల్లో ఒంట్లో బాగోకపోతే?

139కి చేసి, టీటీఈకి కూడా చెప్పండి. ముందు స్టేషన్‌కి కబురు వెళ్తుంది, డాక్టరు ప్లాట్‌ఫాం మీదికొచ్చి చూస్తారు. చూసినందుకు 100 రూపాయలు తీసుకుని రసీదు ఇస్తారు, మందులకి విడిగా. దించెయ్యాలంటే బండి నిమిషం ఆగే స్టేషన్‌లో కాకుండా విజయనగరం, విశాఖపట్నం, బరంపురం, ఖుర్దా రోడ్ లాంటి చోట దించడం మేలు. మా ఆమదాలవలస స్టేషన్‌లో దిగి శ్రీకాకుళం రోడ్డు పట్టేవాళ్లు ముందే 108కి చెప్పుకోవాలి.

ఆన్‌లైన్ టికెట్ తీసేటప్పుడు 45 పైసల బీమా అడుగుతుంది కదా, అది రైలు ప్రమాదాలకి. చనిపోతే 10 లక్షలు, గాయపడి ఆసుపత్రిలో చేరితే 2 లక్షల దాకా, మృతదేహం తరలించడానికి 10,000. గుండెపోటుకి, జ్వరానికి కాదు. కౌంటర్‌లో తీసుకున్న టికెట్‌కి ఇది లేదు. జనరల్ బోగీలో చెన్నై వెళ్లే మన కూలీలకి అసలే లేదు. అవసరం ఎక్కువ ఉన్నది వాళ్లకే.

బాగైంది గానీ నడవలేరు. ఇంటికి తెచ్చుకోవడానికి బీమా ఇస్తుందా?

ఇవ్వదు. నాకొచ్చే ఫోన్లలో అందరికీ నిరాశ కలిగించే జవాబు ఇదే.

పాలసీలో అంబులెన్స్ అంటే ఆసుపత్రికి తీసుకెళ్లడం, లేదా మెరుగైన వైద్యం కోసం ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి మార్చడం. మనవాళ్ల అసలు ఖర్చేమో తిరుగు ప్రయాణానిది. హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసేవాడికి పక్షవాతం వస్తే వారం రోజులకే "ఊరికి తెచ్చేద్దాం" అంటారు. అక్కడ చూసుకునే మనిషి లేరు, అద్దె గది మూడో అంతస్తులో. అది ఏడొందల కిలోమీటర్ల దారి. రాను పోను లెక్కేస్తే పద్నాలుగొందలు. పాలసీ నుంచి పైసా రాదు.

అందుకని ముందు డాక్టరుని "రైల్లో కింద బెర్తులో పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చా?" అని అడగండి. చాలామందికి అదే సరిపోతుంది. స్టేషన్లో చక్రాల కుర్చీ దొరుకుతుంది. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి, వెంట ఒకరికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ కూడా ఉంది. డాక్టరు రాసిచ్చే ఫారం పట్టుకుని కౌంటర్‌కి వెళ్లాలి.

ఆక్సిజన్ తప్పదంటే అంబులెన్సే. అప్పుడు సిలిండర్ లెక్క మీరే వెయ్యండి. చిన్న బి టైపు సిలిండర్‌లో 1,500 లీటర్లుంటుంది. నిమిషానికి 5 లీటర్లు పెడితే 300 నిమిషాలు, అంటే 5 గంటలు. 10 లీటర్లయితే రెండున్నర గంటలే. పెద్ద డి టైపులో 7,000 లీటర్లు, 5 లీటర్ల మీద 23 గంటలు వస్తుంది. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళానికి ఆగుతూ వస్తే పదిహేను గంటలు పట్టొచ్చు. "సిలిండర్ ఉందండీ" అన్న మాట చాలదు. ఏ సైజు, ఎన్ని, నిండుగా ఉన్నాయా అని మీటరు ముల్లు చూసి ఎక్కించండి. రాత్రి ప్రయాణమైతే ఇద్దరు డ్రైవర్లు కావాలని పట్టుబట్టండి. డిశ్చార్జ్ కాగితం, ప్రయాణం చెయ్యొచ్చని డాక్టరు రాసిన చీటీ చేతిలోనే ఉండాలి. సూట్‌కేసులో వద్దు.

విమానం అంబులెన్స్ అంటారా, లక్షల్లో ఉంటుంది. పాలసీలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప ఆశ పెట్టుకోవద్దు. రాసి ఉన్నా కంపెనీ ముందుగా ఒప్పుకున్నాకే మాట్లాడండి.

అక్కడే చనిపోతే?

అడగడానికి ఎవరికీ నోరు రాదు గానీ, అడుగుతారు. మన రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రి నుంచి అయితే మహాప్రస్థానం వాహనం ఉచితం. వేరే రాష్ట్రం నుంచి ప్రైవేట్ బండే, మామూలు హెల్త్ పాలసీ ఇవ్వదు. టోల్ మినహాయింపు ఈ బండ్లకి కూడా ఉంది. ఆసుపత్రి ఇచ్చే మరణ ధ్రువీకరణ, ప్రమాదమైతే పోలీసు కాగితం, పోస్ట్‌మార్టం రిపోర్టు, విమానంలో పంపాలంటే ఎంబామింగ్ (శరీరం పాడవకుండా మందు ఎక్కించడం) సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర ఊరి వాట్సాప్ గ్రూపులో చందా పోగవుతుంది, తెల్లారేసరికి సగం కిరాయి వచ్చేస్తుంది. బీమా కంపెనీ కంటే అదే ముందు కదులుతుంది.

పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయికి?

నొప్పులొస్తే 108. కాన్పయ్యాక ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, నంబరు 102. అదీ ఉచితం. సీతంపేట, పార్వతీపురం కొండ ఊళ్లలో బండి ఎక్కలేని చోటికి బైకు అంబులెన్స్‌లు ఉన్నాయి. అయినా డోలీ మోతలు పూర్తిగా పోలేదు, అందుకే నెలలు నిండాక కొండ దిగిపోవడమే మంచిది.

గల్ఫ్‌కి, అమెరికాకి వెళ్లేవాళ్లకి?

దుబాయ్‌తో సహా యూఏఈలో అంబులెన్స్ 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతార్‌లో 999. గదిలో గోడ మీద రాసుకోండి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పరాయి దేశంలో పనికి వెళ్లడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) మీద వెళ్లేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు. ఏజెంటు కట్టానంటే సరిపోదు, పాలసీ నంబరు అడిగి ఇంట్లో ఇవ్వండి.

అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే అత్తయ్యలకి ఒకటే మాట. అక్కడ అంబులెన్స్ ఎక్కితేనే వేల డాలర్ల బిల్లు రావచ్చు. ట్రావెల్ పాలసీ లేకుండా విమానం ఎక్కొద్దు. బీపీ, షుగరు ఉన్నాయని దాచిపెట్టి తీసుకోవద్దు. యూరప్ షెంజెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల వైద్య బీమా లేకుండా వీసాయే రాదు.

ఉద్దానం నుంచి డయాలసిస్ పేషెంటు ప్రయాణం పెట్టుకోవచ్చా?

డాక్టరు సరే అంటే పెట్టుకోవచ్చు. వెళ్లే ఊళ్లో డయాలసిస్ టైము ముందే ఖాయం చేసుకుని, చివరి మూడుసార్ల షీట్లు పట్టుకెళ్లండి. పెళ్లి ముహూర్తం కోసం ఒకసారి మానేసి, రాత్రికి ఆయాసంతో అంబులెన్స్ ఎక్కినవాళ్లు ఉన్నారు.

క్లెయిమ్ ఇవ్వనంటే?

కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. నెల రోజుల్లో తేలకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నంబరు 155255కి ఫోన్ చేయొచ్చు. ఆ పైన హైదరాబాద్‌లో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించి తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. రెండు వేల కోసం ఇంత తిరుగుడా అంటే, మా పెదనాన్న కవరు పట్టుకుని నేను వెళ్లలేదు. కాగితం సరిగ్గా ఉంటే మాత్రం వెళ్లేవాణ్ణే.

108 వాళ్లకి ఏమైనా ఇవ్వాలా?

అక్కర్లేదు. అడిగితే అదే 108కి ఫోన్ చేసి చెప్పొచ్చు. బతికి బయటపడ్డ ఆనందంలో టీ తాగమంటే, తీరిక ఉంటే తాగుతారు. ఎక్కువసార్లు ఆ టీ చల్లారకముందే ఇంకో ఫోన్ వచ్చేస్తుంది.